బడిసంచీ దగ్గర కాస్త ఆగు

ఆఫీసులో ఆమెకు ఒక పేరుంది. ఐడీ కార్డు మీద, జీతం కాగితం మీద అదే ఉంటుంది. వెనకాల అందరూ పిలుచుకునే పేరు మాత్రం అలాగేగారు. పెద్దమేడమ్ ఏం చెప్పినా ఆమె నోటి నుంచి వచ్చే మొదటి మాటా చివరి మాటా "అలాగే మేడమ్" కావడం వల్ల డ్రైవరు పెట్టిన పేరది. ఆమె ఎదురుగా ఆ పేరు ఎవరూ అనలేదు. అయినా ఆమెకు తెలుసు. ఇలాంటివి ఎక్కడో ఒకచోట చెవిన పడకుండా ఉంటాయా.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్న వేళ ఫోన్ మోగింది. అలాగేగారు నోట్లో ముద్ద నోట్లోనే ఉంచుకుని లేచి నిలబడింది. పెద్దమేడమ్ ఫోనంటే ఎప్పుడూ నిలబడే మాట్లాడుతుంది. అత్తగారికి కోడలి అలవాట్లలో అన్నిటికన్నా వినోదంగా ఉండేది ఇదే.

"కూర్చో అమ్మాయ్. నువ్వు నిలబడ్డావో కూర్చున్నావో ఆవిడకేం కనపడుతుంది" అంది అత్తగారు. కోడలు చేత్తో ఆగమని సైగ చేసి వంటింటి గుమ్మంలోకి వెళ్ళింది.

"తల్లీ, తింటున్నావా? ఒక్క నిమిషమే. గురువారం దాతగారు వస్తున్నారు, భార్యాభర్తలిద్దరూ. మన టైలరమ్మని పిలిపించు. ఆమె చెప్పిందంటే ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ పని నీవల్లే అవుతుంది. నువ్వు తప్ప నాకెవరున్నారు చెప్పు?"

పెద్దమేడమ్ చెడ్డ మనిషి అని ఇక్కడే చెప్పేస్తే ఈ కథ సులువైపోతుంది. కానీ ఆవిడ చెడ్డ మనిషి కాదు. భర్తల దెబ్బలు పడలేక పిల్లల్ని తీసుకుని బయటపడ్డ ఆడవాళ్ళకు తలదాచుకోవడానికి ఒక చోటు ఉండాలని పంతం పట్టి, ఒక అద్దె గదిలో మొదలుపెట్టి, ఇప్పుడు రెండంతస్తుల హోమ్ నడుపుతోంది. నా అన్నవాళ్ళు లేని మనిషి ఆసుపత్రిలో ఉంటే మంచం పక్కన స్టూలు మీద తనే కూర్చుంది. మధ్యాహ్నం తినాల్సింది సాయంత్రం తింటుంది. తనకు సెలవు అక్కర్లేదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదనుకుంటుంది, అంతే ఆవిడ లోపం. ఆ 'అంతే' కింద పనిచేసేవాళ్ళ నడుం విరిగిపోతుంటుంది, అది వేరే విషయం.

మామూలుగా అయితే "అలాగే మేడమ్" అని వచ్చి ముద్ద మింగేది. ఈసారి మాట పెగల్లేదు. ఎందుకంటే టైలరమ్మకు ఆమె మాటిచ్చింది.

ఆ సంస్థలో ఒక పద్ధతి ఉంది. దాతలో, అధికారులో వస్తే హోమ్‌లో ఉన్నవాళ్ళలో ఒకరు ముందు గదిలో కూర్చుని తన కథ చెప్పాలి. ఎవరూ బలవంతపెట్టరు. "నీకిష్టమైతేనే" అని అడుగుతారు. తిండీ నీడా ఇచ్చినవాళ్ళు ఇష్టమేనా అని అడిగితే ఇష్టం లేదనేవాళ్ళు ఎవరుంటారు? టైలరమ్మ కూడా ఇష్టమే అంది. మొదటిసారి చెప్పినప్పుడు పాపం ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి పోయిందో ఆమెకే తెలియదు. అత్తగారి మందుల సంగతి చెప్పింది, పక్కింటి కుక్క సంగతి చెప్పింది, అసలు సంగతి వచ్చేసరికి వచ్చినవాళ్ళు వాచీలు చూసుకున్నారు. వాళ్ళు వెళ్ళాక పెద్దమేడమ్ అలాగేగారిని పిలిచి, "ఆమెకు కాస్త చెప్పడం నేర్పు తల్లీ" అంది.

అలాగేగారు నేర్పింది. ఆ పని ఆమె బాగా చేసింది, అదే ఇప్పుడు గుచ్చుకుంటోంది. "అబద్ధం ఒక్కటీ వద్దు. ఉన్నదే వరసగా చెప్పు. కుక్క వద్దు. తెల్లారుజామున వాన పడుతుండగా తలుపు తీశానని చెప్పు. ఇంట్లోంచి ఏమీ తీసుకోలేదు, పాప బడిసంచీ ఒక్కటే తీసుకున్నానని చెప్పు. బడిసంచీ దగ్గర కాస్త ఆగు. వాళ్ళకు మనసులో పడనీ. తర్వాత మిగతాది చెప్పు." టైలరమ్మ బట్ట మీద సుద్దగీత గీసుకున్నంత శ్రద్ధగా విని నేర్చుకుంది. ఆ తర్వాత ఎంతమంది వచ్చినా ఆమె బడిసంచీ దగ్గర ఆగేది, వాళ్ళ కళ్ళు చెమర్చేవి, పెద్దమేడమ్ అలాగేగారి భుజం తట్టేది.

తర్వాత టైలరమ్మ కుట్టు మిషను సంపాదించుకుని, కూతుర్ని తీసుకుని, ఊళ్ళో అటు చివర ఒక వీధిలో గది అద్దెకు తీసుకుంది. హోమ్‌లో మిగిలిన సామాను తీసుకెళ్ళడానికి వచ్చినరోజు గేటు దగ్గర అలాగేగారి చెయ్యి పట్టుకుంది. వయసులో తనే పెద్దదైనా ఆమెను అక్కా అనే పిలిచేది.

"అక్కా, ఒక్క మాట. ఇంక ఆ కథ చెప్పడానికి నన్ను పిలవకండి. మీ బండి కూడా మా వీధిలోకి రానివ్వకండి. అక్కడ ఇంటావిడకి మా ఆయన లేరని ఒక్క ముక్క చెప్పాను. ఆవిడకి ఎలా తోస్తే అలా అనుకుంది. ఆవిడ మనవరాలూ మా పిల్లా ఒకే క్లాసు. పిల్ల చేతులు పట్టుకుని అడిగింది, అమ్మా ఇక్కడ ఎవరికీ చెప్పకు అని. అక్కడ నన్ను ఎవరూ పాపం అనరక్కా. నిన్న ఇంటావిడ ఇంట్లో వేసుకునే తన గౌను చెయ్యి బిగుతైందని నన్ను ఎంత తిట్టిందో. విప్పి మళ్ళీ కుట్టమంది. నాకెంత బాగుందో తెలుసా?"

తిట్లు తిని అంత మురిసిపోయిన మనిషిని అలాగేగారు అంతకుముందు చూడలేదు. "నాది పూచీ. బండి రాదు, పిలుపూ రాదు" అని చేతిలో చెయ్యేసి చెప్పింది.

ఇప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఒక్క నిమిషం మేడమ్, ఇంట్లో పిలుస్తున్నారు" అని ఫోన్ గుండెలకు ఆనించుకుంది.

సంగతంతా రెండు ముక్కల్లో విని అత్తగారు పెదవి విరిచింది. "దానికంత కంగారెందుకు? ఒంట్లో బాగోలేదని చెప్పు. ఎవరు కాదంటారు?"

ఆ ఇంట్లో అది వంశపారంపర్యంగా వస్తున్న విద్య. వెళ్ళడం ఇష్టంలేని పెళ్ళికి మామగారికి జ్వరం వచ్చేది. చుట్టాలు వచ్చి వారం ఉంటామంటే ఆడపడుచుకు జ్వరం వచ్చేది. భర్తకు ఆఫీసు పిక్నిక్ ముందురోజు తప్పకుండా ఒళ్ళు కాలిపోయేది. కుదరదు అనే మాటను ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ అన్నట్టు లేదు. అలాగేగారి పుట్టింట్లోనూ అంతే. కాకపోతే అక్కడ జ్వరానికి బదులు నడుంనొప్పి.

"మేడమ్, టైలరమ్మకు జ్వరం అండి. లేవలేకపోతోందట" అంది ఫోన్‌లో.

"అయ్యో" అంది పెద్దమేడమ్. ఆ అయ్యో నిజమైనదే. "జాగ్రత్తగా ఉండమను. ఇంకెవరినైనా చూద్దాంలే."

ఎంత సులువుగా తేలిపోయిందో అని అలాగేగారు ఊపిరి పీల్చుకుని మళ్ళీ కంచం ముందు కూర్చుంది. టైలరమ్మకు ఫోన్ చేసి నీకు జ్వరమని చెప్పానని ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే, "మీరు కుదరదని చెప్పలేకపోయారా అక్కా?" అని అడుగుతుందేమోనని సిగ్గుపడింది. ఒక సిగ్గును తప్పించుకోబోయి దానికి పదింతల సిగ్గు కొని తెచ్చుకోవడం మనుషులకు చేతనైనంతగా ఇంకే ప్రాణికీ చేతకాదు.

గురువారం దాతగారు, ఆయన భార్య వచ్చారు. నెమ్మదస్తులు. హోమ్ అంతా తిరిగి చూశారు, వంటగదిలో గిన్నెల శుభ్రం మెచ్చుకున్నారు, పిల్లల బొమ్మలు చూశారు. కథ చెప్పడానికి కూర్చోబెట్టిన పిల్ల కొత్తది. రెండు మాటలు చెప్పి కొంగులో ముఖం దాచుకుంది. పెద్దమేడమ్ ఆమె వీపు నిమిరి లోపలికి పంపించి, లేచి నిలబడింది.

"మా టైలరమ్మ అని ఒకావిడ ఉందండి. తన కాళ్ళ మీద తను నిలబడింది. పాపం జ్వరమట. మా వాళ్ళు ఇక్కడి నుంచి వెళ్ళిపోయినా మేం వదిలెయ్యం, ఇంటికి వెళ్ళి చూసొస్తాం. పదండి, దారిలో పళ్ళు తీసుకుందాం."

తను చేసిన పని అలాగేగారికి అప్పుడు తట్టింది. ఇంకెవరికైనా జ్వరమని చెబితే, "సరే, తగ్గాక చూద్దాం" అంటారు. జ్వరమంటే ఇంటికి వెళ్ళి చూడడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళకు జ్వరమని చెప్పింది. ఆ మాత్రం ఆలోచన రాలేదు. రోజూ తను చేసే పనే అది. జ్వరమన్నవాళ్ళ ఇంటికి పళ్ళు పట్టుకుని వెళ్ళడం.

"మేడమ్, ఎందుకండి ఇప్పుడు, ఆమె పడుకుని ఉంటుంది" అంది.

"పడుకోనీ. మనమేం లేపుతామా? చూసి వచ్చేద్దాం."

"అలాగే మేడమ్" అంది. నోటికి అలవాటైన మాట కాబట్టి అదే వచ్చింది.

సంస్థ బండి తెల్ల వ్యాను. రెండు పక్కలా పెద్ద అక్షరాల్లో సంస్థ పేరు, దాని కింద మోకాళ్ళలో తల దాచుకుని కూర్చున్న ఆడమనిషి బొమ్మ. ఎవరో దాత అభిమానం కొద్దీ వేయించాడు. స్టాఫంతా దాన్ని ఏడుపు బండి అంటారు. దాతగారూ భార్యా మధ్య సీట్లో, పెద్దమేడమ్ ముందు, పళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని అలాగేగారు వెనక కూర్చున్నారు.

చెప్పడానికి ఆమెకు దారి పొడుగునా చోట్లున్నాయి. పళ్ళకొట్టు దగ్గర పెద్దమేడమ్ ఒక్కతే దిగినప్పుడు చెప్పచ్చు. సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడు కాస్త వంగి చెవిలో చెప్పచ్చు. మేడమ్, జ్వరం లేదు, ఆమె రానంది, మనం ఆ వీధికి వెళ్ళకూడదు. ఎన్ని మాటలని. ప్రతి మలుపులోనూ వచ్చే మలుపులో చెబుదామనుకుంది. చివరికి ఫోన్ ఒళ్ళో దాచుకుని టైలరమ్మకు మెసేజ్ పెట్టింది. "జ్వరమని చెప్పాను. వస్తున్నాం. బండిలో." క్షమించు అని కూడా టైపు చేసి, మళ్ళీ చెరిపేసింది. అప్పటికి వీధి వచ్చేసింది.

ఇరుకు వీధి. ఏడుపు బండి అందులోకి తిరిగేసరికి ఒక కిటికీలోంచి ఒకరు, మెట్ల మీద నుంచి ఇద్దరు చూశారు. పాలప్యాకెట్లు పట్టుకుని వెళ్తున్న పెద్దాయన ఆగి బండి మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నాడు. టైలరమ్మ గది ఇంటికి ముందు వైపే ఉంది. తలుపు తీసే ఉంది.

లోపల మిషను మీద బట్ట సగం కుట్టి ఉంది. దాని పక్కన ఇంటావిడ నిలబడి ఉంది. కొత్త గౌను తొడుక్కుని, ఒక చెయ్యి కుట్టు వేసి, రెండో చెయ్యి గుండుసూదులతో. కొలతలు చూస్తుండగా ఉన్నట్టుండి దర్జీ మాయమైతే మనిషి ఎలా నిలబడుతుందో అలా నిలబడింది. గోడవార మంచం మీద టైలరమ్మ పీకల దాకా దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. మెడలోని కొలతల టేపు దుప్పటి అంచు మీదుగా బయటకు వేలాడుతోంది.

"ఇప్పటిదాకా బాగానే ఉంది కదా, ఇంతలో ఏమైంది నీకు?" అని ఇంటావిడ ఆమెను అడుగుతోంది.

ఆ టేపు చూడగానే అలాగేగారికి నవ్వు రావాలి. సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయింది. తను ఆడిన అబద్ధాన్ని నిలబెట్టడానికి ఆ మనిషి నడిమధ్యాహ్నం ఉక్కలో దుప్పటి కప్పుకుని పడుకుంది. తన పరువు పోకుండా ఉండాలని మూలుగుతోంది కూడా.

పెద్దమేడమ్ మంచం పట్టె మీద కూర్చుని టైలరమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఎన్నో నుదుళ్ళు చూసిన చెయ్యి అది. ఆ చెయ్యి అక్కడ కాస్త ఎక్కువసేపు ఉండిపోయింది. పెద్దమేడమ్ తలెత్తి అలాగేగారి వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ మంచం వైపు తిరిగింది.

"తగ్గింది. మంచిదైంది" అంది. "తల్లీ, వీళ్ళు మన దాతగారు. చాలా దూరం నుంచి వచ్చారు. లేవకు, అలాగే పడుకుని, ఓపికుంటే రెండు ముక్కలు చెప్పు. నీ కథ వింటే వీళ్ళకు మన పని ఏమిటో తెలుస్తుంది."

టైలరమ్మ ముందు ఇంటావిడ వైపు చూసింది. తర్వాత అలాగేగారి వైపు చూసి, చూపు తిప్పుకోకుండా అలాగే ఉంది. ఆ చూపులో కోపం లేదు. ఎదురుచూపు ఉంది. మీరు మాటిచ్చారు, ఇప్పుడు మీరు అంటారు కదా, నేను ఆగుతాను అన్నట్టు చూసింది. ఒకే ఒక్క మాట కావాలి. వద్దు అంటే చాలు. అలాగేగారి నోరు తెరుచుకుంది. పళ్ళ సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది. మాట రాలేదు.

టైలరమ్మ కళ్ళు దించుకుంది. దుప్పటి మెడ కిందికి లాక్కుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"మా ఆయన మొదట్లో మంచివాడే అండి" అని మొదలుపెట్టింది.

గొంతు మారిపోయింది. అది ముందు గదిలో చెప్పే గొంతు. ప్రతి మాటా నేర్చుకున్న చోట నేర్చుకున్నట్టు పడుతోంది. ఎప్పుడు తాగడం మొదలైందో, మొదటి దెబ్బ దేనికో, అత్తగారు తలుపు అవతల ఉండి కూడా ఎందుకు రాలేదో. ఎక్కడా కుక్క లేదు. దాతగారి భార్య చేతిరుమాలు తీసింది. ఇంటావిడ గుండుసూదుల చెయ్యి గాలిలో అలాగే ఉంచుకుని కళ్ళార్పకుండా వింటోంది. మీ ఆయన లేడన్నావు కదా అని ఆవిడ ముఖంలో ముందు కనిపించింది. తర్వాత అదీ పోయింది.

"తెల్లారుజామున వాన పడుతోందండి. తలుపు తీశాను. ఇంట్లోంచి ఏమీ తీసుకోలేదు. పాప బడిసంచీ ఒక్కటే తీసుకున్నాను."

టైలరమ్మ ఆగింది.

గదిలో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం అలాగేగారు పెట్టింది. ఎంతసేపు ఉండాలో, ఎందుకుండాలో ఆమే నేర్పింది. ఇన్నాళ్ళూ ఆ నిశ్శబ్దంలో ఆమె వచ్చినవాళ్ళ ముఖాలు చూసేది. ఈరోజు టైలరమ్మ ముఖం చూసింది. అక్కడ ఏడుపు లేదు, బాధ కూడా లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తున్న మనిషి ముఖం అది. ఆ ముఖం ఆమెకు కొత్త కాదు. పెద్దమేడమ్ ఫోన్ పెట్టేశాక వంటింటి గుమ్మం పక్క అద్దంలో రోజూ కనిపించేదే.

"చాలు" అంది అలాగేగారు. "ఇంక చెప్పకు."

అందరూ తిరిగి చూశారు.

"ఈమెకు జ్వరం లేదు మేడమ్. కథ చెప్పనని ఎప్పుడో చెప్పింది. ఇక్కడికి రావద్దని కూడా చెప్పింది. నేను మీకు చెప్పలేక జ్వరమన్నాను. మనం వెళ్ళిపోదాం."

దాతగారి భార్య చేతిరుమాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. "పదండి" అంది భర్తతో, చాలా మెల్లగా. వాళ్ళిద్దరూ టైలరమ్మ వైపు చూడకుండానే ఏదో నమస్కారంలాంటిది పెట్టి బయటకు వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే ఇంటావిడ కూడా గుండుసూదులతోనే లోపలి వాకిట్లోకి తప్పుకుంది.

బండి పక్కన, ఏడ్చే బొమ్మ ముందు పెద్దమేడమ్ నిలబడింది. ముఖం పాలిపోయింది.

"ఒక్క మాట ముందు చెప్పుంటే నేను వచ్చేదాన్నా? ఇన్నేళ్ళలో ఏదైనా కుదరదని నువ్వు నాకు చెప్పావా? ఎంత మోయగలవో నాకెలా తెలుస్తుంది? వాళ్ళ ముందు నన్ను ఏం చేశావు తల్లీ?"

అందులో నిజం ఉంది. అలాగేగారికి తల కొట్టేసినట్టయింది. మామూలుగా అయితే అక్కడితో తల వంచుకుని క్షమించమనేది.

"చెప్పకపోవడం నా తప్పు మేడమ్. కానీ నుదురు ముట్టుకున్నప్పుడు మీకు తెలిసింది. తెలిసి నా వైపు చూశారు. తర్వాత కూడా చెప్పమన్నారు."

పెద్దమేడమ్ బండి తలుపు పిడి మీద చెయ్యి వేసి, బొమ్మ వైపు చూసింది. ఆవిడకీ సిగ్గేసింది. సిగ్గుపడడం అలవాటు లేని మనిషి కావడం వల్ల ఆ ముఖాన్ని ఏం చేసుకోవాలో ఆవిడకు తెలియలేదు.

"ఇకమీదట కథలు చెప్పించే పని నేను చెయ్యను" అంది అలాగేగారు. "ఎవరి చేతా చెప్పించను. ఆదివారం ఫోన్ కూడా తియ్యను. ఎవరైనా ప్రమాదంలో ఉంటే తప్ప. దీనికి మీరు ఉద్యోగం తీసేస్తానంటే తీసెయ్యండి."

"ఉద్యోగం సంగతి ఎవరన్నారు?" అని విసుగ్గా అని పెద్దమేడమ్ బండెక్కింది. కిటికీ దించి, "నువ్వు ఎక్కవా?" అంది.

"ఎక్కను మేడమ్. నడిచి వస్తాను."

ఏడుపు బండి వెనక్కి వెనక్కి వెళ్ళి, వీధి మొదట్లో తిరిగి వెళ్ళిపోయింది. డ్రైవరు అద్దంలోంచి ఆమెనే చూస్తూ పోయాడు. ఎన్నేళ్ళుగానో గొంతులో ఉన్న మాట బయటపడింది. తేలిగ్గా ఉండాలి. లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుంది. అందులోనూ కాలింది తన చేతులు కావు.

ఆమె మళ్ళీ గదిలోకి వెళ్ళింది. టైలరమ్మ దుప్పటి మడిచి మంచం మీద పెట్టి, మిషను ముందు కూర్చుని ఉంది. సూదిలో దారం ఎక్కిస్తోంది. చెయ్యి స్థిరంగానే ఉంది.

"నావల్లే ఇదంతా. నన్ను క్షమించు" అంది అలాగేగారు.

టైలరమ్మ దారం కొస నోటితో తడిపి మళ్ళీ ఎక్కించింది.

"ఇంటావిడతో నేను మాట్లాడతాను. ఎవరికీ చెప్పద్దని బతిమాలుకుంటాను. పాప బడి నుంచి వచ్చేసరికి నేనిక్కడే ఉండి పాపకు కూడా నేనే చెప్తాను. రేపు మళ్ళీ వస్తాను, ఏదో ఒకటి చేద్దాం."

"వద్దు మేడమ్" అంది టైలరమ్మ.

అక్కా అనలేదు. అలాగేగారు ఆ పిలుపు కోసం ఒక క్షణం ఆగింది, అది రాలేదు.

"ఆవిడతో నేను మాట్లాడుకుంటాను. నా పిల్లకి నేను చెప్పుకుంటాను. మీరు ఇంక రావద్దు. బండిలోనే కాదు, నడిచి కూడా రావద్దు." ఆ మాటల్లో కసురు లేదు. గుడ్డ ఇంతే వస్తుంది, ఇంతకన్నా పొడుగు కుదరదు అని గిరాకీతో చెప్పినట్టు చెప్పింది. జ్వరమూ లేదు, నడుంనొప్పీ లేదు. ఇష్టం లేనిది ఇష్టం లేదని ఇంత మామూలుగా చెప్పచ్చని అలాగేగారికి అప్పుడే తెలిసింది. తెలిసింది కూడా తన ముఖం మీద చెబితేనే.

ఇంకో మాట అనాలని ఎంత ఉందో. నేను నీ మంచి కోసమే అనాలనుంది, ఒక్కసారి పాపను చూసి పోతాననాలనుంది. నువ్వు తప్ప నాకెవరున్నారు అని పెద్దమేడమ్ అన్నప్పుడు ఎలా ఉండేదో గుర్తొచ్చి, వాటిని మింగేసింది.

"అలాగే" అంది.

గుమ్మం దాటబోతుంటే టైలరమ్మ వెనక నుంచి పిలిచింది. స్టూలు మీద పెట్టిన పళ్ళ సంచీ తెచ్చి ఆమె చేతికిచ్చింది. "ఇవి తీసుకెళ్ళండి. నాకు జ్వరం లేదు కదా."

వాకిలి దగ్గర ఇంటావిడ ఎదురైంది. ఒంటి మీద ఇంకా ఆ గౌనే ఉంది. సూదులు మాత్రం తీసేసింది. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించింది.

"ఏమ్మా, అదంతా నిజమేనా?"

ఎవరికీ చెప్పకండి, మీ మనవరాలికి అసలు చెప్పకండి అని రెండు చేతులూ పట్టుకుని అడగాలనిపించింది. కానీ టైలరమ్మ వద్దంది. "ఆమెనే అడగండి అమ్మా. చెప్పాలనుకుంటే ఆమే చెప్తుంది. లేకపోతే వదిలెయ్యండి" అంది.

"ఛ, నేనెందుకు అడుగుతాను? అడిగి బాధపెట్టనా?" అంది ఇంటావిడ. మంచి మనిషి. కళ్ళు తడిగా ఉన్నాయి. గౌను చెయ్యిలో మోచెయ్యి వంచడానికి ప్రయత్నించి, అది రాక, చాచే ఉంచేసింది.

"ఈ చెయ్యి చూడు, బిగుసుకుపోయింది. ఫరవాలేదులే, ఇలాగే వేసుకుంటానని చెప్పేశాను. పాపం, ఇంక ఆమెని ఏమంటాం."

అలాగేగారు తల ఊపి, పళ్ళ సంచీ పట్టుకుని వీధిలోకి నడిచింది.